వైజాగ్ ఇంట్లో సొర: ఏ చిన్న షార్క్ పెంచొచ్చు, ఏది వద్దు

"షార్క్ పెంచాలనుంది, బాంబూ తీసుకోమంటారా, ఎపాలెట్ తీసుకోమంటారా" అని అడిగేవాళ్ళని నేను ముందు అడిగేది ఒకటే: మీది ఎన్నో అంతస్తు? చాలామంది నవ్వుతారు. నేను జోకు వెయ్యట్లేదు. ఈ చేపల్లో ఏది ఎంచుకోవాలన్నది చేప అందం చూసి తేలేది కాదు. మీ హాలు వెడల్పు, మీ శ్లాబు, మీ ఇన్వర్టరు, మే నెలలో మీ గదిలో ఉండే వేడి, ఈ నాలుగూ కలిసి ముందే తేల్చేస్తాయి. మనం చేసేది ఆ తీర్పు చదువుకోవడమే.

నా సంగతి కూడా చెప్పేస్తాను. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పున్న ట్యాంకులో నాలుగేళ్ళు ఒక బాంబూ షార్క్‌ని పెంచాను. కొన్నప్పుడు జానెడు పిల్ల. "గ్రే బాంబూ సార్, రెండున్నర అడుగులు దాటదు" అని కొట్టువాడు చెప్పాడు. అది గ్రే బాంబూ కాదని, ఇంకా పెద్దగా పెరిగే బ్రౌన్ బ్యాండెడ్ అని నాకు తెలిసేసరికి దానికి ట్యాంకులో తిరగడానికి చోటు లేదు, వంగి అద్దానికి ముక్కు రాసుకుంటూ తిరిగేది. చివరికి భీమిలి వైపు పెద్ద సిమెంటు తొట్టి ఉన్న స్నేహితుడికి ఇచ్చేశాను. అదంతా చూసి మా అమ్మ అన్నమాట ఇప్పటికీ ఇంట్లో సామెతలా తిరుగుతోంది: "సొరని పులుసెట్టుకుంటారు గానీ, రొయ్యలెట్టి మేపుతారేట్రా?"

అమ్మ మాట పక్కన పెడదాం. పెంచాలని గట్టిగా అనుకున్నవాళ్ళకి లెక్కలు ఇవి.

ముందు ఇల్లు, తర్వాత చేప

ఇంట్లో పెంచదగిన చిన్న సొరలన్నీ అడుగున తిరిగేవి. నోటితో, కళ్ళ వెనకున్న చిన్న రంధ్రాలతో నీళ్ళు లోపలికి పీల్చుకుని మొప్పల మీదుగా పంపుకుంటాయి కాబట్టి, కదలకుండా పడుకున్నా ఊపిరాడుతుంది. వీటికి లోతుతో పెద్ద పనిలేదు, కావల్సింది నేల. నేను పాటించే కొలత ఇది: ట్యాంకు వెడల్పు పెద్దయ్యాక చేప పొడవుకి ఇంచుమించు సమానంగా ఉండాలి, ట్యాంకు పొడవు దానికి సుమారు రెండున్నర రెట్లు ఉండాలి. 70 సెంటీమీటర్ల చేపకి రెండున్నర అడుగుల వెడల్పు, 90 సెంటీమీటర్లదైతే మూడడుగులు. మార్కెట్లో రెడీమేడ్‌గా దొరికే ట్యాంకులు ఎక్కువగా అడుగున్నర వెడల్పే ఉంటాయి, ఎంత పొడవున్నా అవి సొరకి పనికిరావు.

ఇప్పుడు బరువు. ఘనపు అడుగుకి 28 లీటర్ల పైచిలుకు పడుతుంది, ఉప్పునీళ్ళు లీటరు కిలో కంటే కాస్త ఎక్కువే తూగుతాయి. 6×2.5×2 అడుగుల ట్యాంకంటే 850 లీటర్లు. 8×4×2 అంటే 1,800 లీటర్లు, అంటే గాజు, స్టాండు, ఇసుక కలపకుండానే దాదాపు 1,850 కిలోలు. ట్యాంకు పెద్దదైతేనే ప్రమాదం అనుకుంటారు గానీ, నీళ్ళ లోతు రెండడుగులైతే ఏ ట్యాంకుకైనా చదరపు మీటరు మీద పడే నీళ్ళ బరువు ఒకటే, సుమారు 625 కిలోలు. మన దేశపు ప్రమాణాల్లో ఇళ్ళ గదుల శ్లాబుకి మనుషులు, సామాను కలిపి లెక్కగట్టే బరువు చదరపు మీటరుకి 200 కిలోలు. అలాగని రేపే కూలిపోతుందని కాదు, గోడ వారగా, కింద బీము ఉన్నచోట పెడితే కథ వేరు. కానీ ఆ మాట చెప్పాల్సింది స్ట్రక్చరల్ ఇంజినీరు, ట్యాంకు చేసేవాడు కాదు, నేనూ కాదు. అందుకే అంతస్తు అడుగుతాను. గ్రౌండ్ ఫ్లోర్ అయితే సగం టెన్షన్ పోయినట్టే. అయినా కింద పార్కింగ్ ఉందా, మట్టి ఉందా చూసుకోండి.

మూడోది వేడి, వైజాగ్ వాళ్ళకి అసలు గొడవ ఇక్కడే. ఇంటర్నెట్లో చదివి చాలామంది "ట్యాంకు మీద చిన్న ఫ్యాన్ పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది" అంటారు. హైదరాబాద్‌లో తగ్గుతుంది, ఒప్పుకుంటాను. ఫ్యాన్ గాలికి నీరు ఆవిరవుతుంది, ఆవిరవుతూ వేడి పట్టుకుపోతుంది. మన సముద్రపు గాలిలో ఇప్పటికే తేమ నిండి ఉంటే ఇంక ఆవిరయ్యేదేముంది? మే నెలలో మనకే చెమట ఆరదు, ట్యాంకుకి ఆరుతుందా. పైగా పంపులు, లైట్లు తమ వేడి తాము కలుపుతాయి. ఈ చేపలకి కావల్సింది 23 నుంచి 27 డిగ్రీలు. దానికి వైజాగ్‌లో రెండే దార్లు: ఆ గదికి రోజంతా ఏసీ, లేదా చిల్లర్, అంటే ట్యాంకు నీళ్ళని చల్లబరిచే మిషను. చిల్లర్ లాగిన వేడిని బయటికి వదులుతుంది, కాబట్టి అదే గదిలో మూల పెడితే గది పొయ్యి అవుతుంది, బాల్కనీలోకి పైపు తీయించండి. బీచ్ దగ్గరి ఇళ్ళలో ఆ ఉప్పుగాలికి చిల్లర్ రేకులు తుప్పు పడతాయి, ఏసీ ఔట్‌డోర్ యూనిట్ గతి మీకు తెలిసిందే కదా.

నాలుగోది కరెంటు. మామూలు రోజుల్లో మన ఊళ్ళో కరెంటుకి వంక పెట్టలేం. కానీ 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చాక ఎన్ని రోజులు చీకట్లో గడిపామో గుర్తుందా? నేను ఏ ట్యాంకు ప్లాన్ చేసినా ఆ వారాన్ని తలుచుకునే చేస్తాను. 150 ఏహెచ్ బ్యాటరీ అంటే కాగితం మీద 1,800 వాట్ అవర్లు. 40 వాట్ల పంపు, 10 వాట్ల ఎయిర్ పంపు మాత్రమే దాని మీద పెడితే నష్టాలు పోను ఒక రోజు నెట్టుకొస్తుంది. 600 వాట్ల చిల్లర్ కూడా తగిలిస్తే రెండు గంటలు. అంటే ఇన్వర్టరు ఊపిరి నిలుపుతుంది, చల్లదనం నిలపదు. తుపాను రోజుల్లో వాతావరణం ఎలాగూ కాస్త చల్లబడుతుంది, అదృష్టం. ఎండాకాలంలో సాయంత్రం ట్రాన్స్‌ఫార్మర్ పేలితే మాత్రం ఫ్రీజర్లో పెట్టిన నీళ్ళ సీసాలే దిక్కు, అవి ఎప్పుడూ పది సిద్ధంగా ఉంచుకోండి.

నీళ్ళ గురించి కొంచెం. "సముద్రం పక్కనే ఉంది కదా, బకెట్టు తీసుకెళ్తే చాలదా" అని ప్రతివాడూ అడుగుతాడు. ఆర్కే బీచ్ ఒడ్డున నీళ్ళు వద్దు, అక్కడికి చేరే గెడ్డలు ఏం మోసుకొస్తున్నాయో చూస్తూనే ఉన్నాం. హార్బరు చుట్టుపక్కల అసలే వద్దు. ఇంకో చిక్కు కూడా ఉంది. బంగాళాఖాతంలోకి గంగ దగ్గర్నుంచి గోదావరి దాకా పెద్ద నదులన్నీ కలుస్తాయి కాబట్టి, వానాకాలం చివర్లో మన తీరం పైపొర నీళ్ళలో ఉప్పు బాగా పడిపోతుంది. అక్టోబరులో తెచ్చిన నీళ్ళూ మార్చిలో తెచ్చిన నీళ్ళూ ఒకటి కాదు. నీళ్ళలో ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటరుతో చూడండి, సాంద్రత 1.023 నుంచి 1.025 మధ్య ఉండాలి, తక్కువైతే ఉప్పు కలుపుకోండి. పడవ వాళ్ళకి చెప్పి లోపలి నుంచి క్యాన్లతో తెప్పించుకునేవాళ్ళు ఉన్నారు, పద్ధతిగా వడకట్టి, చీకట్లో గాలి కొడుతూ నిలవుంచితే పనికొస్తుంది. నేనైతే ఆర్వో నీళ్ళలో అక్వేరియం ఉప్పే కలుపుతాను. లీటరుకి 35 గ్రాముల పైన పడుతుంది. వెయ్యి లీటర్ల ట్యాంకుకి వారం వారం పదో వంతు నీళ్ళు మార్చినా నాలుగు కిలోల దాకా ఉప్పు, నెలకి 15 కిలోలు. ఇరవై ఏళ్ళు. గుణించుకోండి.

అవును, ఇరవై ఏళ్ళే. బాగా చూసుకుంటే ఈ సొరలు అన్నేళ్ళూ బతుకుతాయి. ఇంటర్ చదివే అబ్బాయి సరదాపడి కొంటే వాడి పెళ్ళి, ఉద్యోగం, బదిలీ అయ్యాక కూడా అది ఈ ఇంట్లోనే ఉంటుంది, మేపేది వాళ్ళమ్మ.

పక్కపక్కన పెట్టి చూస్తే

| రకం | పెద్దయ్యాక పొడవు | కనీస ట్యాంకు, అడుగుల్లో | సుమారు నీళ్ళు | ఎవరికి |
|---|---|---|---|---|
| కోరల్ క్యాట్‌షార్క్ | 70 సెం.మీ. దాకా | 6×2.5×2 | 850 లీ. | చోటు తక్కువున్నవాళ్ళకి, రాత్రి మేలుకునేవాళ్ళకి |
| గ్రే బాంబూ | 75 సెం.మీ. చుట్టుపక్కల | 7×3×2 | 1,200 లీ. | రకం గుర్తుపట్టగలిగితేనే |
| తెల్లచుక్కల బాంబూ | 80–95 సెం.మీ. | 8×3×2 | 1,360 లీ. | మొదటిసారి పెంచేవాళ్ళకి, చోటుంటే |
| ఎపాలెట్ | మామూలుగా 70–90, ఒక్కోసారి మీటరు పైన | 8×3×2, ఇంకా వెడల్పైతే మేలు | 1,360 లీ. | చోటూ డబ్బూ రెండూ ఉన్నవాళ్ళకి |
| బ్రౌన్ బ్యాండెడ్ బాంబూ | మీటరు దాటుతుంది | 8×4×2 | 1,800 లీ. | పెద్ద తొట్టి ఉన్నవాళ్ళకి |

ఈ కొలతలు పెద్దయ్యాక కావల్సినవి. "ముందు చిన్న ట్యాంకు, పెరిగాక పెద్దది" అనుకున్నవాళ్ళలో రెండో ట్యాంకు నిజంగా కొన్నవాణ్ణి నేను ఒక్కణ్ణి కూడా చూడలేదు, నాతో సహా.

కోరల్ క్యాట్‌షార్క్

సన్నగా, పొడుగ్గా, పాలరాయి మీద నలుపు తెలుపు కలిపి చిలకరించినట్టుండే ఒళ్ళు, పిల్లి కళ్ళు. పాకిస్తాన్ నుంచి న్యూగినీ దాకా ఉన్న సముద్రాల్లో ఉంటుంది, అంటే మన దేశపు నీళ్ళలోనూ ఉన్న చేపే. ఈ పట్టికలో ఉన్నవాటిలో తక్కువ చోటుతో సరిపెట్టుకునేది ఇదే. లాభం అదైతే నష్టం కూడా వెంటే ఉంది: పగలంతా రాతి సందులో దూరి పడుకుంటుంది. చుట్టాలొచ్చి "ఏదీ షార్క్?" అంటే మీరు టార్చి వేసి తోక చూపించాలి. రాత్రి పదకొండు తర్వాత మొదలవుతుంది దాని రాజ్యం, అప్పుడు చూడాలి ఆ వేట. షిఫ్టు డ్యూటీలు చేసి అర్ధరాత్రి ఇంటికి చేరేవాళ్ళకి ఇంతకన్నా మంచి తోడు లేదు. పిల్లలకి చూపించడానికే తెస్తున్నారా, వద్దు. దీంతోపాటు చిన్న చేపలు వేస్తే తెల్లారేసరికి లెక్క తగ్గుతుంది, అది కూడా గుర్తుంచుకోండి.

బాంబూలు మూడు

మన దగ్గర "షార్క్ ఉందా" అని అడిగితే ఎక్కువగా చూపించేది బాంబూ పిల్లనే. గట్టి ప్రాణం, తిండికి పేచీ పెట్టదు, కొన్నాళ్ళకి మీ చేతిని గుర్తుపట్టి నీళ్ళ పైకి మూతి చాస్తుంది. మూడింటిలో తెల్లచుక్కల బాంబూకే నా ఓటు, ఎందుకంటే పెద్దయ్యాక కూడా ముదురు పట్టీలు, తెల్ల చుక్కలు అలాగే ఉంటాయి, రకం విషయంలో మోసపోయే అవకాశం తక్కువ.

గ్రే, బ్రౌన్ బ్యాండెడ్ పిల్లల దగ్గరే చిక్కు. రెండూ చిన్నప్పుడు చారలతోనే ఉంటాయి, బ్రౌన్ బ్యాండెడ్ పిల్లకైతే జీబ్రాలా కొట్టొచ్చినట్టుంటాయి. పెరిగేకొద్దీ ఆ చారలు మాసిపోయి రెండూ బూడిద, గోధుమ రంగు చేపలుగా మిగులుతాయి. చారల కోసం కొనేవాళ్ళు ముందే తెలుసుకోవాల్సిన సంగతి. తేడా పట్టాలంటే వీపు మీది రెక్కలు చూడండి: వెనక అంచు లోపలికి వంపు తిరిగి, కింది మొన వెనక్కి సాగి ఉంటే బ్రౌన్ బ్యాండెడ్. అంచు తిన్నగానో కాస్త బయటికి ఉబ్బినట్టో ఉంటే గ్రే. ఈ ఒక్క ముక్క నాకు ముందే ఎవరైనా చెప్పుంటే నాలుగేళ్ళ అవస్థ తప్పేది. గ్రే బాంబూ భారత తీరాల్లో సహజంగానే ఉంది, ట్రాల్ వలల్లో పడుతూనే ఉంటుంది. అలాగని హార్బరులో ప్రాణంతో కనబడ్డదాన్ని బకెట్టులో వేసుకుని రావద్దు. వలలో మిగతా చేపల బరువు కింద నలిగినదో, గాలం మింగినదో పైకి బాగానే కనబడుతుంది, వారం తిరగదు.

ఎపాలెట్

ఉన్నవాటిలో నాకు మనసైనది ఇదే, దాచుకోవడమెందుకు. ఆస్ట్రేలియా ఉత్తర తీరం, న్యూగినీ దీని ఊరు. రెండు వైపులా భుజాల మీద తెల్ల వలయం చుట్టిన పెద్ద నల్ల మచ్చ. పోటు తగ్గినప్పుడు రాతి గుంటల్లో చిక్కుకుపోతే రెక్కలతో నడుచుకుంటూ ఇంకో గుంటలోకి పోతుంది, నిజంగానే నడుస్తుంది, ఈదడం కాదు. ట్యాంకులోనూ అంతే, మధ్యాహ్నం పూట ఇసుక మీద బల్లిలా నాలుగు కాళ్ళ నడక నడుస్తుంటే టీవీ కట్టేసి చూస్తాం. మిగతావాటితో పోలిస్తే పగలు కూడా కాస్త బయట కనబడుతుంది, కాబట్టి పిల్లలున్న ఇంటికి ఇదే నయం.

ఆ గుంటల్లో రాత్రిళ్ళు ఆక్సిజన్ దాదాపు అయిపోతుంది, ఆ బతుక్కి అలవాటు పడ్డ ఒళ్ళు కాబట్టి మామూలు చేప చచ్చిపోయే నీళ్ళలో కూడా ఇది కొన్ని గంటలు తట్టుకుంటుంది. కరెంటు పోయే ఊరికి ఇది పెద్ద ప్లస్సు. ఎలాగూ తట్టుకుంటుంది కదా అని బ్యాటరీ ఎయిర్ పంపు కొనకుండా ఉండటానికి మాత్రం ఇది సాకు కాదు. మైనస్సు ఏమిటంటే, ఇది మన సముద్రపు చేప కాదు, దిగుమతి చేసుకోవాలి. అంటే అనుమతి పత్రాలు, క్వారంటైన్, ఖరీదు. కాగితాలేవీ లేకుండా ఎవరైనా తక్కువకి ఇస్తానంటే అక్కడే ఆగిపోండి. ఇంకోటి, పెంచలేక దీన్ని సముద్రంలో వదిలేద్దామనే ఆలోచన అసలు రానివ్వకండి, ఎక్కడో నీళ్ళ రోగాలు ఇక్కడి నీళ్ళలో కలుస్తాయి.

వీటి జోలికి వెళ్ళొద్దు

బ్లాక్‌టిప్ రీఫ్ షార్క్: ఫొటోల్లో చూసి అందరూ అడిగేది ఇదే, నిజమైన షార్క్ ఆకారం. ఇది ఆగకుండా ఈదితేనే ఊపిరాడే రకం, మీటరున్నర పెరుగుతుంది, ఇల్లు మొత్తం ట్యాంకు చేసినా చాలదు. దీని కుటుంబం మొత్తాన్నీ 2022లో సైటీస్ (వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం) రెండో అనుబంధంలో చేర్చారు, కాగితాల గొడవ వేరే. నర్స్ షార్క్ పిల్ల ముద్దుగా ఉంటుంది, మూడు మీటర్లవుతుంది. హార్న్ షార్క్ కాలిఫోర్నియా చల్లనీళ్ళది, దానికి 20 డిగ్రీల చుట్టుపక్కల కావాలి, వైజాగ్‌లో అంటే ఫ్రిజ్‌లో చేపని పెంచడమే. వొబిగాంగ్ కదలదు, గడ్డాలు పెంచుకున్న తివాచీలా పడుంటుంది, కానీ నోట్లో పట్టేదేదైనా మింగుతుంది, చెయ్యి పెడితే కరుస్తుంది కూడా.

ఇంకో జాతి ఉంది, కొట్లలో వందకో రెండొందలకో "షార్క్" పేరుతో మంచినీళ్ళ సంచుల్లో వేలాడేవి. రెడ్‌టెయిల్ షార్క్, బాలా షార్క్, రెయిన్‌బో షార్క్, ఇవేవీ సొరలు కావు, బొచ్చె చేప చుట్టాలు. అదే కొట్లలో వెండి రంగులో మెరుస్తూ గుంపుగా తిరిగే "ఐరిడిసెంట్ షార్క్" పిల్లలైతే మరీ అన్యాయం. అది మన కృష్ణా, గోదావరి జిల్లాల చెరువుల్లో పెంచే పంగాస్. చేపల మార్కెట్లో కిలోల్లెక్కన కొనే చేపని అక్వేరియం కొట్లో షార్క్ అని కొంటున్నామన్నమాట. మూడడుగులు దాటి పెరుగుతుంది, రెండడుగుల ట్యాంకులో బెదిరిపోయి అద్దానికి గుద్దుకుని మూతి పగలగొట్టుకుంటుంది. ఈ ఆకారమే ఇష్టమై, ఖర్చు వద్దనుకునేవాళ్ళు నాలుగడుగుల మంచినీళ్ళ ట్యాంకులో ఒక్క రెడ్‌టెయిల్ తెచ్చుకోండి. జానెడుకి మించి పెరగదు, పౌరుషం మాత్రం సొరకి తీసిపోదు.

ఏది కొన్నా తప్పనివి

రాళ్ళ విషయంలో చట్టం తెలుసుకోండి. పగడపు రాళ్ళు వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి, సముద్రం నుంచి "లైవ్ రాక్" తెచ్చి అమ్మేవాడి దగ్గర కొంటే మీరూ దొరుకుతారు. సిరామిక్, సిమెంటుతో చేసిన రాళ్ళు చాలు. వాటిని ఇసుక మీద కాకుండా ట్యాంకు అడుగు మీదే ఆన్చి తర్వాత ఇసుక పోయండి, ఎందుకంటే ఈ చేపలు కింద తవ్వుతాయి, రాయి మీద పడుతుంది. ఇసుక మెత్తగా ఉండాలి, గరుకైతే పొట్ట గీసుకుపోయి పుండ్లవుతాయి. వలల్లో పడ్డ గిటార్ చేప పిల్లల్ని "చిన్న షార్కే" అని అంటగట్టేవాళ్ళుంటారు, వాటిలో మొదటి షెడ్యూలు రకం కూడా ఉంది, ముక్కు కోసుగా ఉన్నదేదీ తీసుకోవద్దు.

మందులు. మామూలు చేపలకి తెల్ల మచ్చలొస్తే రాగి మందు వేస్తారు. సొర ఉన్న ట్యాంకులో రాగి వేస్తే సొరే పోతుంది. ఇదివరకు రాగి వాడిన సెకండ్ హ్యాండ్ ట్యాంకు కూడా కొనొద్దు.

ఎర్తింగ్. సొర ముక్కు చుట్టూ కరెంటుని పసిగట్టే సూక్ష్మమైన రంధ్రాలుంటాయి, ఇసుక కింద దాక్కున్న పీత గుండె కొట్టుకునేంత చిన్న కరెంటు కూడా దానికి తెలుస్తుంది. పగిలిన పంపు నుంచి లీకయ్యే కరెంటు మనకి చురుక్కుమనొచ్చు, ఎక్కువైతే ప్రాణమే తీయొచ్చు, దానికైతే రోజంతా నరకం. తిండి మానేసి మూల పడుకుంటే నీళ్ళ పరీక్షతోపాటు టెస్టర్ కూడా పెట్టి చూడండి. పాత ఇళ్ళలో త్రీ పిన్ సాకెట్టు ఉంటుంది, వెనకాల ఎర్త్ వైరు ఉండదు.

మూత. బాంబూ, క్యాట్‌షార్క్ రెండూ పాకి బయటికొచ్చేస్తాయి. పైపుల కోసం వదిలిన సందు చాలు. బరువు పెట్టి మూయండి.

తిండి విషయంలో మాత్రం మనంత అదృష్టవంతులు లేరు. రొయ్యలు, స్క్విడ్, పీత, కానాగంతలు, అన్నీ పొద్దున్నే హార్బరులో దొరుకుతాయి. పెద్ద చేపకి వారానికి మూడు సార్లు, పిల్లకి రోజూ కొంచెం. కాకపోతే చవగ్గా దొరుకుతాయని ఎప్పుడూ కవళ్ళు, నెత్తళ్ళే పెడితే వాటిలోని థయమినేజ్ అనే పదార్థం బీ1 విటమిన్‌ని కొట్టేస్తుంది, చేప నెమ్మదిగా నీరసిస్తుంది. మార్చి మార్చి పెట్టండి, వారానికోసారి విటమిన్ అద్దండి. అయోడిన్ తక్కువై, నీళ్ళలో నైట్రేట్ పెరిగిపోతే వీటికి గొంతు కింద గాయిటర్ వస్తుంది, మనుషులకి వచ్చేదే. నీళ్ళు మార్చడం బద్ధకించేవాళ్ళ చేపల్లో ఇది చూస్తాం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంటుంది కదా, ఎండలు మండేది కూడా అప్పుడే. ఆ రెండు నెలల సరుకు మార్చిలోనే శుభ్రం చేసి ఫ్రీజర్లో పెట్టేస్తాను, చెరువు రొయ్యలు ఎలాగూ దొరుకుతూనే ఉంటాయి.

తోటి చేపల్లో ట్రిగ్గర్లు, బుడగ చేపలు వద్దు, రెక్కలు కొరుకుతాయి. అనిమోన్ (పువ్వులా కనబడే సముద్ర జీవి) వద్దు, కుడుతుంది.

మరి మీకేది

పై అంతస్తు ఫ్లాట్, అద్దె ఇల్లు, ఇంజినీరు ఒప్పుకోలేదు: ఏ సొరా వద్దు. మంగమారిపేట దగ్గర పోటు తగ్గినప్పుడు రాతి గుంటలు చూడండి, ఖర్చు పెట్రోలే. ఏదైనా పబ్లిక్ అక్వేరియానికి వెళ్ళి అరగంట నిలబడ్డా ఇంటికొచ్చాక ఉప్పు తూకం వెయ్యక్కర్లేదు.

ఇంజినీరు సరేనన్నాడు, హాల్లో ఆరడుగులకి మించి చోటు లేదు, గదికి ఏసీ ఉంది: కోరల్ క్యాట్‌షార్క్, పగలు కనబడకపోయినా ఫర్వాలేదనుకుంటేనే. సొంతిల్లు, గ్రౌండ్ ఫ్లోర్, ఎనిమిదడుగుల గోడ, ఇన్వర్టరు: మొదటిసారైతే తెల్లచుక్కల బాంబూ, ఇదివరకు ఉప్పునీళ్ళ ట్యాంకు రెండేళ్ళు నడిపి ఉంటే ఎపాలెట్. దిగుమతి ఖర్చు చూసి వెనకాడితే మళ్ళీ తెల్లచుక్కలదే. ఊరి బయట తోట, సిమెంటు తొట్టి ఉన్నవాళ్ళు బ్రౌన్ బ్యాండెడ్‌తో సుఖంగా ఉండొచ్చు. నా పాతది ఇప్పుడు భీమిలిలో అలాగే ఉంది, నన్ను గుర్తుపట్టదు, రొయ్యని గుర్తుపడుతుంది.

పిల్ల కొనాలా, గుడ్డు కొనాలా? ఈ రకాలన్నీ తోలు సంచిలాంటి గుడ్లు పెట్టేవే, వెలుతురికి పట్టి చూస్తే లోపల పిల్ల కదులుతుంటుంది. పొదగడానికి నాలుగైదు నెలలు పడుతుంది. గుడ్డు కొంటే ఓపిక కావాలి, బయటికొచ్చాక మొదటి ముద్ద తినేదాకా వారం పది రోజులు నిద్రుండదు. పిల్ల కొంటే మాత్రం కొట్లోనే మీ కళ్ళముందు తినిపించమనండి. రేపు తింటుంది అంటే రేపే కొనండి. పొట్ట లోపలికి పోయినది, వీపు ఎముక పైకి తేలినది ఎంత తక్కువకిచ్చినా వద్దు. ఆడ చేప ఒంటరిగా ఉన్నా ఎప్పుడైనా గుడ్లు పెట్టేస్తే కంగారు పడకండి. అమెరికాలో డెట్రాయిట్ అక్వేరియంలో 2002లో మగ చేప తోడు లేని తెల్లచుక్కల బాంబూ గుడ్ల నుంచి పిల్లలు కూడా వచ్చాయి.

చివరిగా నేను చేస్తున్న పని చెప్తాను. మధురవాడలో గ్రౌండ్ ఫ్లోర్ ఇంటికి మారాక ఎనిమిదడుగుల ట్యాంకు కట్టించాను, నీళ్ళు నింపి, పంపులన్నీ తిప్పుతూ, చేప మాత్రం వెయ్యకుండా ఒక మే నెల మొత్తం ఖాళీగా నడిపాను. రోజూ మధ్యాహ్నం మూడింటికి, రాత్రి పదింటికి నీళ్ళ వేడి చూసి క్యాలెండరు మీద రాశాను. ఫ్యాన్ ఆడుతుండగానే మే 24 గడిలో 31.4 అని ఉంది. అందుకే ఎపాలెట్ మీద ఎంత మనసున్నా ప్రస్తుతం తిరుగుతున్నది చిల్లర్ కొట్ల చుట్టూనే. ఖాళీ ట్యాంకుకి కరెంటు బిల్లు కట్టడం చూసి అమ్మ ఈసారి ఏమీ అనలేదు, క్యాలెండరు దగ్గరికెళ్ళి ఆ అంకెలేటని మాత్రం అడిగింది.